తల ఎత్తిన బొల్లయ్య

చెరువు రెండోసారి ఎండిన ఏడు, రోహిణి కార్తె. ఎండవేళ ఒకరి పొట్ట కింద ఒకరు తల దాచుకుని నిలబడడం ఆ గొర్రెల మంద ఆచారం. తల ఎత్తితే కళ్ళు పోతాయని గురువు పొట్టేలు చెప్పేవాడు. ఆకలికి ఆగలేక మందలోని ముసలి పొట్టేలు బొల్లయ్య తల ఎత్తేశాడు.

"కళ్ళు పోయాయా అన్నా?" అని చెల్లెలు అతని పొట్ట కింద నుంచే అడిగింది.

"లేదమ్మా, ఇప్పుడే వచ్చాయి! గట్టు మీద తుమ్మచెట్టు, దాని కింద నిండా కాయలు. రావే!"

"గుడ్డోడి మాట నమ్మకండి!" అని గురువు తల దించుకునే అరిచాడు.

బొల్లయ్య గట్టెక్కి, ఆకాశం చూస్తూ కడుపునిండా నమిలాడు. మర్నాటి నుంచి ఎటు పచ్చగా కనిపిస్తే అటే నడిచాడు.

చెల్లెలు రాలేదు. ఆ తర్వాత ఏ ఎండాకాలంలోనూ అతని తలకు మరొకరి పొట్ట నీడ దొరకలేదు.