లోయలోకి వంపు

మూడు ఊళ్ళ కమిటీకి టైలరొక తలనొప్పి అయిపోయాడు.

ఒక ఊరి ఆటస్థలాన్నీ, పక్క ఊరి తోటనీ, ఆ పై ఊరి గుట్టనీ కలుపుతూ నడకదారి వెయ్యాలని కమిటీ ఆలోచన. కాలవ వెంబడి తిన్నగా వేస్తే సులువుగా అయిపోయే పని. టైలరు మాత్రం దాన్ని లోయలోకి వంచాలంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

లోయలో ఏముంది? ముళ్ళకంపలు, జారే రాళ్ళు. ఏడాది కిందట ఎక్కణ్ణించో వచ్చి కొట్టు పెట్టుకున్న మనిషికి దాని మీద అంత మోజెందుకో ఎవరికీ అంతుబట్టలేదు. అడిగితే ఒకరోజు నీడ అనేవాడు, ఒకరోజు పిట్టలనేవాడు. అసలు సంగతి చెబితే ఆ దారిన ఒక్కరూ అడుగుపెట్టరని అతనికి తెలుసు.

అతని కోరికలూ వింతగానే ఉండేవి. దారికి రెండు పక్కలా పొదలు కొట్టించాలట. బెంచీలు గుట్ట వైపు కాకుండా కింద వాగు వైపు తిప్పి వెయ్యాలట. కుక్కల్ని వెంట తెచ్చుకోనివ్వాలట. వీధికుక్క కనబడితే సందు మార్చే మనిషి అలా అడిగేసరికి కమిటీ అధ్యక్షురాలికి నవ్వాగలేదు.

ఇంజనీరు ఒక్క మాటలో తేల్చేశాడు. జనం తొక్కి తొక్కి గడ్డి చచ్చిన జాడ ఉంటేనే అటు దారి గీస్తాడు. నడవని చోట దారి వేస్తే రెండు వానలకే గడ్డి మింగేస్తుందట. వానలు తగ్గాక వచ్చి చూస్తానన్నాడు.

టైలరుకి మిగిలింది ఈ ఒక్క ఆశే.

మర్నాడే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి లోయలో నడక మొదలుపెట్టాడు. దిగేవాడు, ఎక్కేవాడు, మళ్ళీ దిగేవాడు. అడుగులన్నీ ఒక్కడివేనని బయటపడకుండా రోజుకో రకం చెప్పులు వేసేవాడు. ఒకసారి భార్య జోళ్ళు తొడుక్కుని, మడమలు ఒరుసుకుపోయి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. వానలో రెండుసార్లు జారిపడ్డాడు. ఈ దారి పడకపోతే తాను బతకనన్నాడు. భార్య అతని పుళ్ళకి మందు రాసింది.

ఇంజనీరు వచ్చాడు. గడ్డి మధ్య నున్నటి గీత చూశాడు. తర్వాత టైలరు కాళ్ళకున్న కట్లు చూశాడు.

“నిజం చెప్పండి. ఇదంతా మీరొక్కరే తొక్కారు కదూ?”

అబద్ధం ఆడే ఓపిక కూడా లేక టైలరు అలాగే కూలబడిపోయాడు. వంగి ఇంజనీరు కాళ్ళు పట్టుకోబోతే అతను గబుక్కున వెనక్కి జరిగాడు.

“ఒక్క మనిషి ఇంత నడిచాక, ఇది నడవని చోటని నేనెలా రాస్తానండీ?” అన్నాడు.

ఆ వారమే కమిటీ సరేనంది. టైలరు ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చున్న భార్య పక్కన చతికిలబడ్డాడు. సంగతి చెప్పబోతే ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ వీపు నిమిరింది. అతను కళ్ళు తుడుచుకుని చెప్పాడు.

“పోలీసులు ఆ లోయలో వెతకడం మానేస్తే మానేశారు, ఇకనుంచి అక్కడ రోజూ అంతమంది తిరుగుతుంటే మనబ్బాయి ఎవరో ఒకరి కంట పడకపోడు.”