ప్లస్ ఇరవై రెండు

"మళ్ళీ తెరుస్తారా బాబూ?"

వెనకనుంచి వినిపించిన ఆ ప్రశ్నకు ల్యాప్‌టాప్ మీద సందీప్ వేళ్ళు ఆగిపోయాయి.

తెనాలి శివార్లలో, అంగలకుదురు రోడ్డు పక్కన అతని షెడ్డు. కారులోని కంప్యూటరుకు తీగ తగిలించి, ఇంజనుకు పెట్రోలు ఎంత అందాలో సరిచేయడం అతని వృత్తి. ఎదుట ఉన్నది ప్రశాంతి కారు. ఆమె చెరుకుపల్లిలో టీచరు; రోజూ తెనాలి నుంచి వెళ్ళివస్తుంది. నెలరోజులుగా ఆ కారు ఆపినచోటల్లా వణుకుతోంది.

"ఏంటి తెరిచేది?" అన్నాడు సందీప్, వెనక్కి తిరక్కుండానే.

"లెర్నింగండి. ఇప్పుడే ఆపేశారుగా."

అడిగినవాడు అరవై దాటిన మనిషి. రంగు వెలిసిన చొక్కా, చంకలో గుడ్డసంచి, చేతిలో మట్టినీళ్ళలో తడిసి ఆరి అట్టకట్టిన కాగితం. తన పేరు వరప్రసాదమనీ, రేపల్లె నుంచి వచ్చాననీ, తొందరేమీ లేదనీ చెప్పి పొద్దుటినుంచీ బల్ల మీద కూర్చునే ఉన్నాడు.

సందీప్ అతణ్ణి వదిలేసి ప్రశాంతి వైపు తిరిగాడు.

"చూడండి మేడం. సైలెన్సరు గాలి వాసన పసిగట్టి, పెట్రోలు చాలలేదనిపిస్తే కంప్యూటరు తనంతట తనే కాస్త కలుపుతుంది. కలిపింది గుర్తుపెట్టుకుంటుంది. అదే లెర్నింగ్. మీ బండిలో అది ప్లస్ ఇరవై రెండు శాతం దాకా పోయింది. పిచ్చెక్కిందన్నమాట. ఆ ఇరవై రెండూ నేనే లెక్కలో వేసేసి, దాని నోరు మూయించాను."

"నోరు మూయిస్తే రోగం చెప్పేదెవరండి?" అన్నాడు వరప్రసాదం. "కొలిచేటప్పుడు ఆపడం సబబే. కొలిచాక తెరవాలి కదా."

సందీప్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

తెరిస్తే ఏమవుతుందో తనకు తెలియదా? తను వేసిన లెక్కను నెల తిరక్కుండా కంప్యూటరు తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది. కస్టమరు తిరిగొచ్చి నిలదీస్తాడు. అందుకే, ఏ బండికైనా సరే, ఒకసారి ఆపినదాన్ని తెరవకుండా పంపడం అతని పద్ధతి. ఆ పద్ధతినే తప్పుపట్టడానికి ఎవరీ దారినపోయే పెద్దమనిషి?

"మీరు మెకానిక్కా బాబాయిగారూ?"

"కాదండి. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను."

"మరి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు? ఉత్తరాలు పంచుతూనా?"

"ఈ నాలుగు నెలల్లోనేనండి."

"నాలుగు నెలలు! నాది పదేళ్ళ సర్వీసు. నా చేతిమీదుగా నూట నలభై బళ్ళు వెళ్ళాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు, తెలుసా?"

పెద్దాయన చేతిలోని కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఇరవై రెండు ఎందుకైందో చూడండి బాబూ. గాలి కొలిచే సెన్సరు ఒక్కసారి విప్పండి. రేపు ఆ కొలత ఇంకా తప్పితే సర్దే దిక్కుండదు. మలుపులో ఇంజన్ ఆగుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది. ఈ అమ్మాయి రోజూ కాలవగట్టు మీద వెళ్ళాలి."

"నా షాపులో కూర్చుని అపశకునాలు పలుకుతారా? ముందు బయటికి నడవండి!"

"తగువుకు రాలేదండి." వరప్రసాదం చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "తీరిక చేసుకుని ఇది చూడండి."

సందీప్ చూడలేదు. చేతిలోని స్పానరు దాని మీద పడేశాడు.

పెద్దాయన వెళ్ళిపోయాడు. కోపం మాత్రం వెళ్ళలేదు.

"సెన్సరు విప్పాలట! విప్పే చూపిస్తాను. మీరే సాక్షి మేడం."

విప్పాడు.

లోపల మెరవాల్సిన సన్నని తీగ కనిపించలేదు. దాని చుట్టూ ఎర్రగా పొర కట్టి ఉంది.

"కుంకుమలా ఉందేంటండి?" అంది ప్రశాంతి.

కుంకుమే. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఈ కారు సర్వీసు కోసం షెడ్డులోనే ఉంది. ఫిల్టరు విప్పి ఉన్న గాలిగొట్టం నోటికి పసుపు రాసి, గుప్పెడు కుంకుమ అద్దింది సందీపే. ఇంజన్ దాన్ని పీల్చి తీగకు పట్టించింది. తీగ గాలిని తక్కువచేసి చెబుతుంటే, ఆ లోటును నెలరోజులుగా కంప్యూటరు ఓపికగా పూడుస్తూ వచ్చింది. పిచ్చిదని తను నోరు మూయించింది దాన్నే.

సెన్సరు కడిగాడు. పాత లెక్కే మళ్ళీ పెట్టి, లెర్నింగ్ తెరిచాడు. అరగంటలో ఇరవై రెండు కాస్తా రెండుకు దిగింది. ఇంజన్ వణుకు మానింది.

అప్పుడు రోడ్డు మీదికి పరుగెత్తాడు. రేపల్లె బస్సు వెళ్ళి చాలాసేపయిందన్నారు.

తిరిగొచ్చేసరికి ప్రశాంతి స్పానరు పక్కకు తీసి, ఆ కాగితం చూస్తోంది.

"ఇది మీ షాపుదేనండి."

ప్రతి బండితోనూ అతను ఇచ్చి పంపే రిపోర్టు అది. 'లెర్నింగ్: శాశ్వతంగా ఆపడమైనది' అన్న చోట అతని సంతకమే ఉంది.

"ఇందులో రాసున్న కారు నంబరు మా బడి పిల్లలకు కంఠతా వచ్చు సందీప్ గారూ," అంది ఆమె. "జూలై వానల్లో మలుపు దగ్గర ఆగిపోయి కాలవలో పడింది. క్రేనుతో తీశాక నెలరోజులు మా బడి ముందే ఉంది. ఇంజన్ ఎందుకాగిందో ఎవరికీ అంతుపట్టలేదన్నారు. నడిపే అబ్బాయి దక్కలేదు."

ఒక్కటీ వెనక్కి రాలేదు.

సందీప్ కాగితం అందుకున్నాడు. బురద మరకల కింద, ఆర్‌సీ కార్డు చూసి ఒకనాడు తను తీరికగా రాసుకున్న యజమాని వివరాలు ఇంకా చెరిగిపోలేదు: అజయ్ బాబు, తండ్రి వరప్రసాదం, రేపల్లె.