పళ్లెంలో పేరు

ఉప్పు డబ్బా నుంచి ఊరి బస్సు దాకా ప్రతిదీ తన పేరు తానే పలుకుతుంటే, చదవడం అందరూ మరిచిపోయారు. అక్షరాభ్యాసం మాత్రం మిగిలింది. ఆ రోజు హైమ ఇంట్లో పంతులుగారు పాప వేలు పట్టుకుని ఇత్తడి పళ్లెంలోని బియ్యంలో ఏవో సున్నాలు చుట్టించారు. ఎవరికీ తేడా తెలియలేదు.

గిన్నెలు తోముతున్న ముసలి పైడమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్నప్పుడు పలక పట్టిన మనిషి.

"పాప పేరేటమ్మా?"

"మేఖల," అంది హైమ, పాప తల్లి.

పైడమ్మ బియ్యం సర్ది, పాప వేలితో మెల్లగా మూడక్షరాలు దిద్దించింది. తెల్లటి బియ్యం మధ్య ఇత్తడి గీతలు మెరిశాయి.

"ఇదేనమ్మా నీ కూతురు."

పేరు ఇంత నిశ్శబ్దంగా పడుకుని ఉంటుందని హైమకు తెలియదు. చూస్తూ ఉండిపోయింది.

ఆ బియ్యంతోనే పరమాన్నం వండాలని అత్తగారు పళ్లెం అందుకోబోయింది.

"కదపకండత్తయ్యా," అంది హైమ, లేచి ఫ్యాను ఆపుతూ. "పాప ఉంది అందులో."