చెల్లని పరీక్ష

నిరుడు ఎంట్రన్స్ పరీక్షలో మా అమ్మాయి చెయ్యి వణికి సీటు పోయింది. ఇక్కడి కాలేజీల్లో చెల్లదని తెలిసిన ఇంకో పరీక్ష మాత్రం నవ్వుతూ రాసి, మార్కులు కొట్టుకొచ్చింది.

ఈ ఏటి నుంచి ఆ రెండోది కూడా చెల్లుతుందని నిన్న ప్రభుత్వం ప్రకటించింది. అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నా సెలూన్‌లో టీవీ కట్టేశాను, ఇంట్లో పేపరు దాచేశాను.

ఇవాళ మళ్ళీ అదే పరీక్ష. గేటు దగ్గర పెన్ను అందిస్తూ, "ఇది ఎలాగూ చెల్లేది కాదు కదమ్మా, ఊరికే రాసి వచ్చెయ్" అన్నాను.

"సరే నాన్నా" అంది. గేటు దాటబోయి వెనక్కి వచ్చింది.

"చెల్లుతుందని నాకు నిన్ననే తెలిసింది. నువ్వు మాత్రం ఇవాళ ఎవరికీ గడ్డం గీయకు నాన్నా. నీ చెయ్యి వణుకుతోంది."