చిరుత కోసం వచ్చినవాళ్లు

కెన్యాలోని మసాయి మారా అడవిలో ఏడుగురు అమెరికా చర్చివాళ్లని పొద్దుట్నుంచీ జీపులో తిప్పాను. వాళ్లకి చిరుత కావాలి. సాయంత్రమైనా అది కనబడలేదు.

ఊసుపోక పాస్టరు వెండెల్ నామీద పడ్డాడు. "యేసయ్య పేరు ఎప్పుడైనా విన్నావా, డ్రైవరు తమ్ముడూ?"

నేను నోరు తెరిచేలోగానే ఏడుగురూ నా నెత్తిన చేతులు పెట్టి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. "ప్రభువా, ఈ గుడ్డివాడి కళ్లు తెరిపించు!"

అప్పుడే పొదలోంచి చిరుత వచ్చింది. తన పిల్లను నోట కరుచుకుని, జీపు ముందునుంచే తాపీగా నడిచి గడ్డిలో కలిసిపోయింది. వీళ్ల ప్రార్థన మాత్రం అవలేదు.

చివరికి ఆమెన్ అన్నారు. "ఇప్పుడెలా ఉంది తమ్ముడూ?" అన్నాడు పాస్టరు, కన్నీళ్లు తుడుచుకుంటూ.

"నా కళ్లు తెరుచుకునే ఉన్నాయయ్యా" అన్నాను.

రేపు ఆదివారం. మా ఊరి చర్చిలో పన్నెండేళ్లుగా వాక్యం చెప్పేది నేనే. రేపేం చెప్పాలో జీపులోనే దొరికింది.