ఆరున్నర చప్పుడు

"బాబాయ్ గారూ, ఆ బోల్టు గనక విరిగిందో, రేపటి నుంచి నేను షాపుకి కాళ్లీడ్చుకుంటూ పోవాలి," అన్నాడు మందుల షాపతను, కారు పక్కన గొంతుక్కూర్చుని.

"విరగదు. నువ్వు కాస్త నోరు మూసుకుని టార్చి తిన్నగా పట్టు," అన్నాడు పెద్దాయన కారు కింద నుంచి.

డెబ్బై ఏళ్ల మనిషి. నీళ్ల ట్యాంకు దగ్గర పంపులు నడిపి రిటైరయ్యాడు. స్పానరు పట్టడం కొత్త కాదుగాని, కారు ఇంజనుకు పొగగొట్టాలు మార్చడం ఇదే మొదలు. హెడర్లు అంటారట వాటిని. నాలుగు గొట్టాలు వంపులు తిరిగి కిందికొచ్చి ఒక్కటిగా కలుస్తాయి. పెట్టెలో వచ్చిన కాగితం దగ్గర పెట్టుకుని పొద్దున్నుంచి కుస్తీ పడుతున్నాడు. కారేమో ఆయనది కాదు. నాలుగిళ్ల అవతలుండే ఈ మందుల షాపతనికి అమ్మేసి ఐదు నెలలైంది.

"ఇవి రేసుల కుర్రాళ్లు పెట్టించుకునేవి కదండీ. దగ్గు మందు అమ్ముకునేవాడికి ఎందుకు చెప్పండి?"

"ఎందుకో నీకు తెలుసు."

అతని నవ్వు ఆగిపోయింది. తెలుసు. కారు పెద్దాయన కూతురిది. ఆ పిల్ల జబ్బు చేసి పోయింది. ఆ పిల్ల నడిపే రోజుల నుంచే ఇంజను దగ్గర పాత గొట్టం ఎక్కడో పగిలి, కారు కదిలితే చాలు కుట్టుమిషనులా టకటకమంటుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకు అతను టీ తాగడానికి షాపు నుంచి తనింటికొస్తుంటాడు. వీధి మొగలో ఆ టకటక వినపడగానే పెద్దాయన భార్య పొయ్యి కట్టేసి, పరుగున వచ్చి గేటు బార్లా తీస్తుంది. కారు ఆగకుండా వెళ్లిపోతుంది. ఆవిడ గేటు వేసి లోపలికెళ్తుంది.

"పిన్నిగారిని డాక్టరుకు చూపించకూడదూ?" అన్నాడతను గొంతు తగ్గించి.

"ఏమని చూపించను? రోజంతా బాగానే ఉంటుంది. నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకు గుర్తుండదు, దానికి గుర్తుంటుంది. ఆ ఒక్క చప్పుడుకే మతి తప్పుతోంది. పిల్ల పోయిందన్న మాటే మర్చిపోతోంది. గేటు దాకా వచ్చి మళ్లీ కొత్తగా తెలుసుకుంటోంది." పెద్దాయన చేయి ఆగింది. "రోజుకోసారి పోతోందయ్యా నా కూతురు."

"మీరెప్పుడైనా ఆవిడని అడిగారా?"

"ఎట్లా అడగను? నోరు రావద్దూ?"

పెద్దాయన తుప్పు వదిలే నూనె ఇంకాస్త కొట్టి, స్పానరు మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. కీచుమని బోల్టు కదిలింది. అది కదలడానికి పట్టినంత సేపు పట్టలేదు, మిగతావీ విప్పేసరికి పాత గొట్టం ఊడి చేతిలోకొచ్చింది. మసి తుడిచి చూస్తే వెంట్రుకంత పగులు. దాని మీద బొటనవేలు ఆనించి అట్లాగే కూర్చున్నాడు.

"దాచుకుంటారా?"

"దేనికి?"

వీధిలో పాత ఇనుము బండి వెళ్తోంది. కేకేసి ఆపి, తన చేత్తోనే దాన్ని ఆ బండిలో పడేసి వచ్చాడు. తర్వాత అతుకులో పొగ లీకవకుండా పెట్టే గ్యాస్కెట్ మార్చి, కొత్త గొట్టాలు పట్టించి, బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పి, మధ్య నుంచి చివరలకు కొద్దికొద్దిగా బిగించాడు. కారు స్టార్టు చేయగానే గుప్పున పొగ లేచింది.

"అయిపోయింది నా కారు!"

"దానికి పూసిన నూనె మాడుతోంది. నీ కారుకేం కాలేదు, గుండె చిక్కబట్టుకో."

పొగ పోయాక చప్పుడు మిగిలింది. బరువుగా, గుర్రుమంటూ. వింటే అది తన కూతురి కారు కాదు, ఎవరిదో కారు. పెద్దాయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. చెంప నిండా మసి అయింది.

"ఎప్పటిలాగే ఆరున్నరకి రా. మా ఇంటి ముందు నుంచే పోనీ," అని చెప్పి ఇంటికి నడిచాడు.

"ఆ మొహమేమిటండీ?" అంది భార్య.

"ఎవరింట్లోనో పంపు చెడితే బాగుచేసొస్తున్నా."

"మీరు రిటైరయ్యారుగానీ, మీ పంపులు కాలేదు. ఆ సబ్బు తీసుకోండి."

ఆరున్నరకు ఆయన వసారాలో కుర్చీ వేసుకున్నాడు. వంటింట్లో ఆవిడ కూరగాయలు తరుగుతోంది. వీధి మొగలో కారు తిరిగింది. గుర్రుమంటూ దగ్గరికొచ్చింది. గేటు దాటింది. పోయింది. కత్తిపీట చప్పుడు ఆగలేదు.

"ఎవరిదో ఆ బండి, చెవులు చిల్లులు పడేట్టు!" అని మాత్రం విసుక్కుంది.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఐదు నెలల్లో ఆ వేళకి గేటు తెరుచుకోకపోవడం అదే మొదటిసారి.

ఏడు కావస్తుండగా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఏమండీ, ఆ మందుల షాపబ్బాయి ఇవాళ ఇంటికి రానట్టుందే?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అతనితో నీకేం పని?"

"అతనితో నాకేం పని? అమ్మాయి కారు అతని దగ్గరే ఉందిగా."

"ఆ సంగతి... నీకు గుర్తుందా?"

"బాగుంది! తాళాలు అతని చేతిలో పెట్టింది నేనేగా?"

"మరి రోజూ ఆ గేటు తీయడం..."

ఆవిడ కొంగు సర్దుకుంది. "ఎవరూ రారని తెలుసండీ. కానీ అది వీధి మొగలో వినపడి మన గేటు దాటేదాకా, ఆ కాసేపూ పిల్ల ఇంటికొస్తున్నట్టే ఉంటుంది. రేపటిదాకా బతకడానికి నాకది చాలు. మీరు భోంచేయండి, ఇవాళెందుకో ఆలస్యమైంది, నేను అది వినే వస్తాను."