ఎర్ర అట్ట పుస్తకం

జడ్జిగారూ, నా పేరు బుగ్గమ్మ. వయసు అరవై ఐదు. ఊరు ఇబ్రహీంపట్నం. ఇంట్లో నేను, కోడలు.

నా కొడుకు రోజూ మా అరుగుమీద పదిమందికి ఒక పుస్తకం చదివి వినిపించేవాడు. అందులో ఒక వెనకటి జాగీర్దారును ఎవరు చంపారన్నదే కథ.

"తమ్ముడే విషం పెట్టిండు," అనేవాడు నారయ్య.

"నీ మొఖం! వంటోడే," అనేవాడు చెన్నయ్య.

పోలీసు యాక్షన్‌కు వచ్చిన తెలుగురాని మిలిటరీ, ఎర్ర అట్ట చూసి కమ్యూనిస్టు పార్టీ పుస్తకమంది. దాన్ని కాల్చి, నా కొడుకును జైలుకు పట్టుకుపోయింది.

"గా పుస్తకం ఖూనీ కథేనని జడ్జికి చెప్పుండ్రి," అని ఇద్దరినీ నిలదీశాను.

"మాకు సదువొస్తదా, అవ్వా? అండ్ల ఏమున్నదో మాకేమెరుక?" అన్నారు.

ఆ పుస్తకంలో విషం పెట్టింది తమ్ముడే, జడ్జిగారూ. చదువు నాకూ రాదు.

బుగ్గమ్మ వేలిముద్ర.

సాక్షులు: నారయ్య, చెన్నయ్య. పేర్లు నేనే రాయించాను. ముద్ర వేయమంటే లేచి వెళ్లిపోయారు.